అమావాస్య నాడు ఇసుక గుడికి

ఈ కథనం చదివి ఎవరైనా సంచి సర్దుకుని బయల్దేరదామనుకుంటే ముందే చెబుతున్నాను, ఊరి పేరు రాయను. దారి కూడా సగం వరకే చెబుతాను. ఇదేం యాత్రా కథనం అని మీరు సణుక్కోవచ్చు, సణుక్కోండి. పేరు బయటపెట్టనని ఒక ముసలామెకు మాటిచ్చి వచ్చాను. మాట తీసుకునేటప్పుడు ఆమె చేతిలో చేట ఉంది. తప్పితే ఏమవుతుందో ఆమె ముఖంలో ఉంది.

ఆదోని

వదిన ఫోన్ చేసినప్పుడు నేను ఇంటర్ పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. మౌర్య సామ్రాజ్య పతనానికి కారణాలు రాయమంటే ఒకడు "బలహీనమైన రాజులు, వానలు లేకపోవడం" అని రాశాడు. ఆదోని పిల్లవాడు మరి, వానలతో సంబంధం లేని పతనాన్ని ఊహించలేడు. ఒక మార్కు వేసి ఫోన్ ఎత్తాను.

"ఏమ్మే సుజాతా, ఈడియో పంపిచ్చినా. సూసినావా?"

చూశాను. "రాయలసీమ ఎడారిలో మాయమైపోయిన పురాతన ఆలయం" అని దాని పేరు. వెనక ఒంటెలు నడిచేటప్పుడు వాయించే సంగీతం. నల్లకళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెడు ఇసుక తీసి గాలికి వదిలి, "మిత్రులారా, ఇది ఇసుక కాదు, చరిత్ర" అన్నాడు. ఇన్నేళ్లుగా కాలేజీలో చరిత్ర చెబుతున్నదాన్ని, నాకే తెలియలేదు. ఇంతకీ ఆ ఎడారి ఏమిటంటే, తుంగభద్ర సన్నబడిన రోజుల్లో గాలికి లేచి ఒడ్డున మేటలు వేసిన ఇసుక. చుట్టుపక్కల గొర్రెలు కనపడకుండా కెమెరా నానా తంటాలూ పడింది గానీ, సంగీతం ఆగిన చోట "మే" అని ఒకటి వినపడనే వినపడింది.

"చూసినా వదినా. ఒంటెను యాడ దాచిపెట్టినాడా అని వెతుకుతున్నా."

"ఎగతాళి తర్వాత సేద్దువు. ఆ స్తంబం మీద నాడె సెక్కి ఉండాది, సూడు."

చూశాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తి పేకదారం మోసే నాడె, చెక్కుచెదరకుండా స్తంభం మీద ఉంది.

"అదే మన ఇసుక గుడి. మన సౌడమ్మ గుడి," అంది వదిన. ఆమె గొంతు వణికింది. ఆమె గొంతు మామూలుగా వణకదు. ఎదుటివాళ్లది వణికిస్తుంది.

ఇక్కడ కొంచెం ఇంటి సంగతి చెప్పాలి. మాది ఎమ్మిగనూరు నేతపని ఇల్లు. కొత్తగా మగ్గం ఎక్కించినప్పుడు తొలిచీర ఇలవేల్పు చౌడమ్మకు ఇవ్వాలి. నేసిన ఆడమనిషి తన చేత్తో దేవి ఒంటి మీద కట్టాలి. అది జరిగేదాకా మగ్గం మీద రెండో చీర నేసుకోవచ్చు, మూడోదీ నేసుకోవచ్చు, కోయడానికి మాత్రం లేదు. ఎంత నేసినా మగ్గానికే చుట్టుకుని పడి ఉండాల్సిందే. ఏటి ఒడ్డు గుడిని ఇసుక మింగేసిందని మా జేజి, అంటే మా నాయనమ్మ, చెప్పేది. ఆమె కూడా చూడలేదు. అప్పటినుంచి మావాళ్లు అడ్డదారి కనిపెట్టారు. ఊళ్లో గుడిలో అమ్మవారికి కట్టి "నువ్వూ నువ్వూ చూసుకోండి" అని దండం పెట్టి వచ్చేస్తారు. మా అమ్మ అలాగే చేసింది, మగ్గం నడిచింది, నేను చదువుకున్నాను.

మా వదిన నాగవేణికి మాత్రం నడవలేదు. మొదటిసారి మగ్గం ఎక్కిస్తే వానకు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి నీళ్లొచ్చి, మగ్గానికి నిలువునా కట్టిన పడుగు దారమంతా పాడైంది. రెండోసారి చీరలు చెప్పినవాళ్లు తీరా నేశాక వద్దన్నారు. ఇది మూడోసారి. తొలిచీర కోసి పెట్టుకుంది. ఇంకో రెండు చీరలు నేసి మగ్గం మీదే ఉన్నాయి. ఆదోనిలో ఒక పెళ్లివారికి శుక్రవారం ఇవ్వాలి. ఈసారి కూడా తప్పిపోతే మగ్గం ఊడదీసి ఆ జాగాలో జిరాక్స్ మిషన్ పెడతానని మా అన్న ప్రకటించాడు. మిషన్ ధర కూడా కనుక్కుని వచ్చాడట. అంత చురుగ్గా అన్న ఏ పని చేయడమూ నేను చూడలేదు.

"అడ్డదారి తొక్కినందుకే రెండుమాట్లు ఇట్లయింది. ఈసారి సౌడమ్మకే కడతా. నువ్వు సదువుకున్నదానివి, తోడు రా," అంది వదిన.

"గుంటలోకి నీళ్లొచ్చింది మీ వీధి పల్లంలో ఉన్నందుకు. దేవికేం సంబంధం?"

"పల్లంలో పెట్టింది ఎవురు?"

ఇలాంటి ప్రశ్నకు ఎం.ఏ. పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. ఎప్పుడు వెళ్దామని అడిగాను.

"బుధవారం. అమాస. ఆ పొద్దయితే మగ్గానికి సెలవు."

మా వీధి ఆదివారం లేదు, పండగ లేదు, టకటకా మోగుతూనే ఉంటుంది. అమావాస్యకు మాత్రం ఎవరూ మగ్గం ముట్టుకోరు. చిన్నప్పటినుంచి తెలిసిన సంగతే కాబట్టి నేను సరేనన్నాను. అమావాస్య నాడు పాడుబడ్డ గుడికి బయల్దేరడం లోకంలో మిగతావాళ్లకు ఎలా కనపడుతుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఎమ్మిగనూరు

ముందురోజు మధ్యాహ్నం ఆదోనిలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లనిండా ఆడవాళ్లమే. డబ్బిచ్చి టికెట్ కొన్న మగవాళ్లు కడ్డీలు పట్టుకుని వేలాడుతున్నారు. నా జీవితంలో ఇంత న్యాయంగా నడిచిన ప్రభుత్వ కార్యక్రమం ఇంకొకటి చూడలేదు. పక్కన కూర్చున్నామె పత్తి మార్కెట్ దాటేలోగా నా పేరు, కులం, జీతం కనుక్కుంది. ఊరి పొలిమేర దాటాక, మా ఆయన ఎందుకు రాలేదని అడిగింది. ఆయనకు సెలవు లేదన్నాను. "ఉన్నా రాడులే," అంది నా ముఖం చూసి. అక్కడితో ఆగుతుందనుకున్నాను. దిగేముందు "బీపీ ఉండాదా?" అని అడిగి, లేదంటే నమ్మకుండా దిగిపోయింది.

ఎమ్మిగనూరులో సాయంత్రానికి వదిన సంచి సర్దుతోంది. మడతపెట్టిన తొలిచీర, ఎర్రటి ఒంటికి పసుపు అంచు, చివర దారపు కొసలు కత్తిరించకుండా అలాగే వదిలిన చీర. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. దేవి ముందు దిష్టి తీసి పగలగొట్టడానికి ఒక బూడిద గుమ్మడికాయ. గర్భగుడిలో ఇసుక ఉంటే తీయడానికి ఒక పొట్టి పార. నా వంతుగా నేను అరడజను నిమ్మకాయలు వేశాను. ఆటో ప్రయాణమంటే నాకు కడుపులో తిప్పుతుంది.

"పార ఎందుకు వదినా, చేతులు లేవా?"

"నువ్వు సేతులతో తీస్తావా?"

పార ఉండనిచ్చాను.

రాత్రి జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, వంకాయ కూర. ఆదోనిలో నేను చేసే రొట్టె చూసి వదిన ప్రతిసారీ "ఇది మ్యాపా, రొట్టెనా?" అంటుంది. ఆమె చేసింది గుండ్రంగా ఉంటుంది, అందుకే తినేటప్పుడు నేనేమీ మాట్లాడను. అన్న మాత్రం మాట్లాడాడు.

"పోయి రాండి, పోయి రాండి. రేపు సౌడమ్మ ఇంట్లో ల్యాకపోతే జిరాక్స్ మిషన్‌కు అడ్వాన్స్ కట్టేస్తా."

"ఆ మిషన్‌కు తొలికాపీ ఏ దేవుడికి ఇస్తావన్నా?" అన్నాను. అన్న చేయి కడుక్కోవడానికి లేచాడు. వదిన నవ్వలేదు. మగ్గం వైపు చూస్తూ కూర్చుంది. రొట్టె చల్లారిపోయింది.

సి.బెళగల్

పొద్దున్నే బస్సులో సి.బెళగల్ చేరాం. బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. ఆదోనిలోనూ నలభైయే, కానీ అక్కడ బొరుగులు లెక్కపెట్టి వేసినట్టు ఉంటాయి. ఇక్కడ గంటెతో ఒత్తి ఒత్తి పెట్టాడు. బజ్జీలో మిరపకాయ కారం సంగతి రాయను, కళ్లల్లో నీళ్లతో రాసినట్టు ఉంటుంది.

అక్కడినుంచి ఆటో. డ్రైవరు పేరు మస్తాన్. ఇసుక గుడి అనగానే తల తిప్పి మమ్మల్ని చూశాడు. తర్వాత మా సంచిలోంచి బయటకు పొడుచుకొచ్చిన పార పిడిని చూశాడు. తర్వాత గుమ్మడికాయను.

"ఈ పొద్దా అమ్మా? అమాస గదా?"

"అయితే?"

"ఏంలే. మలుపు కాడ దించి పోతా. ఉండను."

"రానూ పోనూ మాట్లాడుకుందామప్పా, ఎంతంటావ్?"

"ఎంతిచ్చినా ఉండనమ్మా. పిల్లలుండారు నాకు."

దయ్యాలకు భయపడుతున్నాడనుకున్నాను. ఇరవయ్యొకటో శతాబ్దంలో మూఢనమ్మకాల గురించి దారి పొడుగునా అతనికి ఒక పాఠం చెప్పాను. గ్రహణాలు, భూమి నీడ, చంద్రుడి కళలు, అన్నీ. పాపం, అతను అద్దంలో నావైపు చూస్తూ "జీ, జీ" అంటూ విన్నాడు. మలుపు దగ్గర దించి డబ్బు తీసుకుని, చిల్లర ఇవ్వకుండానే బండి తిప్పాడు. పది గజాలు పోయాక ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడటం కనపడింది. ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాడనుకున్నాను. నా తెలివితేటల మీద నాకు అప్పటికి ఇంకా గౌరవం ఉంది.

ఇసుక

ఇసుకలో చెప్పులతో నడిస్తే చెప్పులు వెనక్కి పోతాయి, చెప్పులు లేకుండా నడిస్తే ప్రాణం ముందుకు పోతుంది. అందుకని ఒక కాలికి వేసుకుని ఒక కాలికి తీసి, తుమ్మచెట్టు నీడ నుంచి ఇంకో తుమ్మచెట్టు నీడకు వెళ్లాం. వదిన చీర సంచిని పసిబిడ్డలా చంకన పెట్టుకుంది. గుమ్మడికాయ నాకు దక్కింది.

మేట ఎక్కగానే గుడి కనపడింది. ఒంటెల సంగీతం లేకుండా చూస్తే ఇంకా బాగుంది. పైకప్పు సగం లేదు. ముందు మంటపంలో ఆరు స్తంభాలు, నడుము దాకా ఇసుకలో దిగబడి, ఏట్లో స్నానానికి దిగి మాటల్లో పడ్డ ఆడవాళ్లలా నిలబడి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఇసుక గోడల మీద జల్లెడ పట్టినట్టు రాలుతోంది. ఏ రాజులు కట్టారని వదిన అడిగింది. తెలియదన్నాను. "మరి ఏం సదివినావ్?" అంది. ఏది ఎవరు కట్టారో చెప్పే బోర్డు ఒకటి పెట్టి ఉంటే అందరం పండితులమే.

నాడె చెక్కిన స్తంభం దగ్గర వదిన ఆగింది. వేలితో ఆ గీతలు తడిమింది. "సూడు, దారం పోయే బెజ్జం గూడ సెక్కినాడు. నేసేటోళ్లు కట్టిచ్చిందే," అంది. నేను ఫోటో తీశాను. అంత అందమైన పని ముందు వెక్కిరించడానికి నాకూ ఏమీ దొరకలేదు.

గర్భగుడి లోపలికి వంగి వెళ్లాలి. లోపల ఇసుక మోకాలెత్తున ఉంది. పార తీసుకుని వంతులవారీగా ఎత్తిపోశాం. రాతిపీఠం బయటపడింది. పీఠం మీద ఏమీ లేదు. దాని పక్కన పెద్ద గుంత, అడుగున పలకరాళ్లు పగిలి ఉన్నాయి. ఎవరో తవ్వారు. ఎందుకు తవ్వారో ఈ సీమలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాడుబడ్డ గుడి కనపడితే దాని కింద బంగారం ఉందని మనవాళ్లలో కొందరి గట్టి నమ్మకం. బతికున్న గుడికి వెయ్యి నూటపదహార్లు రాయడానికి మాత్రం చేతులు రావు.

వదిన ఇసుకలోనే కూలబడింది.

"ఆయమ్మ లేదమ్మే."

"పీఠం ఉంది గదా వదినా. పీఠానికి కట్టు. ఇంత దూరం వచ్చినాం."

"దేవి ఒంటి మీద కట్టల్లన్నారు. పీట మీద అనలేదు."

"అన్నవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. అడిగేవాళ్లు లేరు."

"మగ్గం ఉండాది గదా, అది అడుగుతాది," అంది. తర్వాత చాలా మెల్లగా, "మీ అన్న అడ్వాన్స్ కట్టేస్తాడు," అంది.

నేను వాదనకు ఇంకో నాలుగు మాటలు సిద్ధం చేసుకుంటుండగా గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ముందున్నవాడు తలగుడ్డ చుట్టుకుని కర్ర పట్టుకున్నాడు. నా చేతిలో పార ఉంది. కాళ్ల దగ్గర గుంత ఉంది. పక్కన తెరిచిపెట్టిన సంచిలో గుమ్మడికాయ, నిమ్మకాయలు, కుంకుమ.

"ఇంగేం మిగిలిందమ్మా, బలికి కోడి యాడ?" అన్నాడు అతను.

అప్పుడు అర్థమైంది మస్తాన్ ఎవరికి ఫోన్ చేశాడో.

అరుగు

మమ్మల్ని ఊళ్లోకి నడిపించుకుపోయారు. సాక్ష్యాలను ఒకడు నెత్తిన పెట్టుకున్నాడు. తలగుడ్డ మనిషి పేరు రంగప్ప, ఆ ఊరి రైతు. వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టారు. ఊరంతా చుట్టూ చేరింది. మా ఆదోనిలో ఇంతమంది ఒకచోట చేరాలంటే ఏదైనా ఉచితంగా పంచాలి.

"యాడమ్మా మీది?" రంగప్ప విచారణ మొదలుపెట్టాడు.

"ఆదోని."

"ఏం పని సేస్తావ్?"

"కాలేజీలో చరిత్ర చెప్తా."

"ఆఁ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, నేను నేరం ఒప్పుకున్నట్టు.

"పోయిన తూరి వచ్చినోళ్లు గూడ ఇదే సెప్పినారు," అన్నాడు రంగప్ప. "కళ్లద్దాలు పెట్టుకొని, శాసనాలు సదువుతామని వచ్చి, సదివి సదివి తల్లి పీట పక్కన నిలువెత్తు గుంత తీసినారు. సదువుకున్నోళ్లే వస్తారమ్మా ఈ పనికి."

కాలేజీ గుర్తింపు కార్డు చూపించాను. అతను దాన్ని తిరగేసి చూసి, "బాగానే సేపిచ్చినావ్," అని తిరిగిచ్చాడు.

ఇక నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను పుస్తకం భాష మాట్లాడతాను. పురాతన కట్టడాలను తవ్వడం చట్టరీత్యా నేరమని, దానికి జైలుశిక్ష ఉంటుందని, అలాంటి పని చేసేదాన్నయితే పట్టపగలు మలుపు దగ్గర ఆటో దిగనని గట్టిగా చెప్పాను.

"సట్టం గూడ సదువుకొనే వచ్చింది," అంది గుంపులో ఒకామె పక్కామెతో.

"పోలీసులను పిలవండి, నేనే మాట్లాడతా!"

"పిలుస్తాం లేమ్మా. తొందరేల? పోయిన తూరోళ్లు గూడ వాళ్లే పిలవమన్నారు."

నేను ఏం మాట్లాడినా పోయినసారి దొంగలు నాకంటే ముందే మాట్లాడి పెట్టారు. ఆ మాటకొస్తే వాళ్లు నా కంటే బాగా చదువుకున్నవాళ్లలాగే ఉన్నారు. వదిన మాత్రం తలవంచుకుని, చీర సంచి మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. దొంగ అన్నా మాట్లాడలేదు, క్షుద్రపూజ అన్నా మాట్లాడలేదు. దేవి లేదన్న సంగతి తర్వాత ఇంకేదీ ఆమె చెవికి ఎక్కుతున్నట్టు లేదు.

అంతలో లోపలినుంచి ఒక ముసలామె చేటతో జొన్నలు చెరుగుతూనే వచ్చి గుమ్మంలో నిలబడింది. రంగప్ప తల్లి. అందరూ అవ్వ అంటున్నారు. నా వైపు చూడనే లేదు. నేరుగా వదినను అడిగింది.

"ఏమ్మా, నీవేం పని సేస్తావ్?"

"మగ్గం నేస్తా అవ్వా. ఎమ్మిగనూరు."

"సీర దేవికి కట్టను తెచ్చినావా?"

"అవునవ్వా. తొలిసీర."

"అట్లయితే నిన్న రాగూడదా? రేపు రాగూడదా? అమాసనాడే ఎందుకొచ్చినావ్?"

"నిన్న మగ్గం మీద ఉంటి. రేపు గూడ మగ్గం ఎక్కల్ల."

"ఈ పొద్దు గూడ నేసుకోగూడదా మరి?"

వదిన తల ఎత్తింది.

"ఈ పొద్దా? అమాసకు ఎవురన్నా మగ్గం ముట్టుకుంటారా అవ్వా? పెద్దదానివని మర్యాదకు జవాబు సెప్తాంటే, నోటికి ఎంతొస్తే అంత మాట అంటాండావే! మమ్మల్ని ఏమనుకున్నావ్? దొంగోళ్లంటే పడితిమి, ఇది గూడ పడల్లనా?"

వదిన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాను, విదిలించుకుంది. అవ్వ చేట కింద పెట్టింది. నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ కనపడేటట్టు నవ్వింది.

"సిన్నప్పుడు మా యమ్మతో మజ్జిగ అమ్మను మీ ఈదికి వస్తాంటి. దినమ్మూ టకటక టకటక, మాట ఇనపడేది కాదు. అమాసకు పోతే ఈది సచ్చిపోయినట్టు ఉండేది. ఆ పొద్దు బేరం బాగుండేది."

"అమ్మా, ఇది గూడ నేర్చుకొని వచ్చుంటారు," అన్నాడు రంగప్ప.

"మాట నేర్చుకుంటార్రా. ఆ కోపం యాడ నేర్చుకుంటారు?" అంది అవ్వ. "లెయ్యమ్మా. నీతోపాటు ఆ సదువుకున్నామెను గూడ రమ్మను."

జొన్నల గది

ఇంటి వెనక గది. తాళం చెవి అవ్వ మొలలో ఉంది. తలుపు తీస్తే జొన్నల బస్తాలు, వాటి వెనక ఇంకో వరుస బస్తాలు. రంగప్ప రెండింటిని పక్కకు లాగాడు. మధ్యలో దీపం. దీపం వెనక, మోకాలెత్తు నల్లరాతి చౌడమ్మ.

గుంత తవ్వినవాళ్లు విగ్రహాన్ని పక్కకు దొర్లించి పోయారట. మళ్లీ వస్తారని భయపడి ఊరివాళ్లు తెచ్చి ఇక్కడ దాచుకున్నారు. కొత్తవాళ్లు ఎవరడిగినా దేవి లేదు, పోయింది అని చెప్పాలని ఊరంతా ఒక్కమాట మీద ఉంది. మా ఊళ్లో ఒక్క మాట మీద ఇద్దరు అన్నదమ్ములు ఉండరు. ఒక ఊరు మొత్తం ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత శ్రద్ధగా ఆడుతుంటే ముచ్చటేసింది.

విగ్రహానికి ఒక చేయి మణికట్టు దాకా విరిగి ఉంది. నా నోరు ఊరుకోదు కదా.

"అవ్వా, భిన్నమైన విగ్రహానికి పూజ చేయకూడదంటారు, శాస్త్రంలో..."

"నాకు మోకాలు పోయింది. మావోళ్లు ఎల్లగొట్టినారా?" అంది అవ్వ.

శాస్త్రం అక్కడితో ముగిసింది.

వదిన దండం పెట్టుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె పెట్టుకోలేదు. దీపం దగ్గరికి వంగి దేవి కట్టుకున్న చీర కొంగు పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి చూసింది. నీలం రంగు, మీద వెండి మెరుపుల పూలు, కర్రలా నిలబడే గుడ్డ. సంతలో కుప్పపోసి అమ్మే మిల్లు చీర.

"ఎవురు కట్టినారు ఇది?"

"నేనే," అంది అవ్వ గర్వంగా. "మా కోడలు ఆదోనిలో తెచ్చింది. ఉతికినా రంగు పోదంట. ఇస్త్రీ గూడ అక్కర్లే."

"నేసేటోళ్ల దేవికి నూలుపోగు ల్యాకుండా సేసినారే అవ్వా! ఉడికిపోదా తల్లి, ఈ గదిలో, ఈ గుడ్డలో?"

"అందుకేనా ఏమో, దీపం ఊరికూరికే ఆరిపోతాది," అంది అవ్వ ఆలోచనగా.

ఇద్దరూ కలిసి విప్పారు. మాట్లాడుకుంటూనే విప్పారు, అత్తా కోడళ్లు పెళ్లికూతుర్ని చేస్తున్నట్టు. వదిన తొలిచీర తీసి కుచ్చెళ్లు పోసింది. దేవి మోకాలెత్తు, చీర పదకొండు మూరలు. మడత మీద మడత, చుట్టు మీద చుట్టు, చివరికి దేవి కన్నా చీరే ఎక్కువ కనపడింది. విరిగిన చేతిని కొంగుతో కప్పింది. కత్తిరించని దారపు కొసలను ముందుకు దించి వేళ్లతో దువ్వింది. అప్పుడు దండం పెట్టుకుంది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు. నేనూ చేతులు జోడించానా అని మీరు అడగవద్దు.

సాక్ష్యంగా పట్టుబడ్డ గుమ్మడికాయను రంగప్పే దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టాడు. నిమ్మకాయలను అవ్వ పిండి, చక్కెర వేసి మాకే తాగించింది. తర్వాత రొట్టె, పుండికూర. పుండికూర అంటే కోస్తావాళ్లు గోంగూర అని పిలుచుకుని అది తమదే అనుకునే ఆకు. పెట్టిన విస్తరి ముందు రంగప్ప నాతో, "ఏమనుకోవద్దక్కా, మీ మాటలు అట్ల ఉండె," అన్నాడు. అక్క అన్నాడు కాబట్టి ఊరుకున్నాను.

బయల్దేరేటప్పుడు అవ్వ ఆ నీలం చీరను మడతపెట్టి, పసుపు కుంకుమ పెట్టి, వదినకు చాపింది.

"ఇదేంటికి అవ్వా?"

"కట్టినామెకు ఇడిసిన సీర ఇయ్యల్ల. మా కాడ రివాజు. తల్లి ప్రసాదం, కాదనగూడదు. రేపు కట్టుకొనే మగ్గం ఎక్కు."

వదిన ముఖం చూడాలి. పుట్టి బుద్ధెరిగాక మగ్గం మీద నేసింది తప్ప ఒంటికి తగలనివ్వని మనిషి. నావైపు చూసింది, కాపాడమన్నట్టు. నేను దేవి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను, ఈసారి నిజంగా.

"తీసుకో వదినా. ఇస్త్రీ కూడా అక్కర్లేదంట."

రెండు చేతులూ చాచి తీసుకుంది. అవ్వ నా చేత మాట తీసుకున్నది అప్పుడే. చేట మళ్లీ ఆమె చేతికి వచ్చింది.

మళ్లీ ఎమ్మిగనూరు

రంగప్ప ట్రాక్టర్‌లో సి.బెళగల్ దాకా దించాడు. మస్తాన్ ఆటో స్టాండులోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వాలా పారిపోవాలా తేల్చుకోలేక, మిగిలిన చిల్లర తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎమ్మిగనూరు బస్సులో వదిన ఒడిలో ఉన్న సంచిని రెండుసార్లు తెరిచి చూసి మూసింది.

తెల్లారి పాడ్యమి. వీధి మళ్లీ టకటకలాడుతోంది. వదిన స్నానం చేసి, ఆ నీలం మెరుపుల చీర కట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది. కాఫీ తాగుతున్న మా అన్న గ్లాసు దించి, ఎవరో చుట్టం వచ్చిందనుకుని లేచి నిలబడ్డాడు.

"ఏందే ఇది?"

"దేవి సీర."

"సౌడమ్మ ఇట్లాంటివి కడతాదా?"

"నిన్నటిదాకా కట్టింది. ఏం, నీకేమన్నా అడ్డమా?"

అన్నకు ఏ అడ్డమూ లేదు. అటువైపు గుమ్మంలో పక్కింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వదిన ఆమెను చూడనట్టు నటించి నన్ను పిలిచింది. నేసిన బట్టను మగ్గం నుంచి విప్పి, ఒక కొస నా చేతికిచ్చి గట్టిగా లాగి పట్టుకోమంది. రెండో చీరకూ మూడో చీరకూ మధ్య వదిలిన ఖాళీ దారాల మీద కత్తెర పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. అంచు నుంచి అంచుకు, ఆగకుండా కోసింది. నా చేతుల్లోని బిగువు ఒక్కసారిగా వదిలి, రెండడుగులు వెనక్కి తూలాను.

"నిలబడను గూడ రాదు, ఎం.ఏ.," అంది.

మూడో చీరనూ పడుగు నుంచి కోసి, పెళ్లివారి చీరలు రెండూ మడతపెట్టి పీట మీద ఉంచింది. అన్న వాటిని చూశాడు, మగ్గాన్ని చూశాడు, గ్లాసు కడుక్కోవడానికి వెళ్లాడు. వదిన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. మిగిలిన పడుగు సరిచూసుకుంది. కూర్చున్న కాసేపటికే ఆ నున్నటి గుడ్డ జారి కుచ్చెళ్లన్నీ ఒళ్లోకి వచ్చి పడ్డాయి.

"దిక్కుమాలిన సీర, ఒంటి మీద నిలవదు గదమ్మే!"

అన్నాక ఆ మాట ఎవరి చీరను అన్నదో గుర్తొచ్చింది. గబగబా రెండు చెంపలూ వేసుకుంది. కుచ్చెళ్లు నడుములోకి దోపుకుని నాడె విసిరింది.